మా కారు చెప్పిన సాక్ష్యం

ఇంజను మూడుసార్లు ఆగిందని ఫిర్యాదు చేసినందుకు, పక్కింటి మంగతాయారు కారులో ప్రభుత్వం వారు దాని నడక కనిపెట్టే దర్యాప్తు కన్ను పెట్టారు. ఆవిడ కూతురు ఆఫీసు నుంచి వస్తూ గోదావరి వంతెన దాటగానే అది ఇంటికి కబురు చెబుతుంది.

"మా పిల్ల వంతెన దిగిందండోయ్! మీ కారు నిక్షేపంలా ఉందిగా వదినగారూ, మీకెక్కడిదీ యోగం?" అని ఆవిడ రోజూ గోడ మీంచి అంటుంటే నాకు కడుపు రగిలిపోయేది. మా అమ్మాయి ప్రసూనదీ అదే రకం కారు, అదే వంతెన. నడిమధ్యలో ఇంజను ఆగిపోతే నా బిడ్డ గతేమిటి?

ఉండబట్టలేక, మాకూ ఆ కన్ను పెడతారని, మాదీ మూడుసార్లు ఆగిందని ఫిర్యాదు పెట్టాను.

ఆదివారం దర్యాప్తు అధికారి వచ్చి, మా ఎదుటే కారును అడిగాడు.

"ఇంజను ఏనాడూ చెడలేదండి," అంది కారు. "రోజూ వంతెన దిగాక అమ్మాయిగారే ఆపుతారు. పావుగంట నాతో కబుర్లాడి, అప్పుడు ఇంటికొస్తారు."

అధికారి నవ్వాపుకుంటూ ఫిర్యాదు కొట్టేసి వెళ్లాడు.

"దాంతో కబుర్లేమిటే? ఇంట్లో నేను లేనూ?"

"నీకేం చెప్పినా భయపడతావు కదమ్మా," అంది ప్రసూన తల వంచుకుని.

మంగతాయారు మీది ఏడుపు ఆ పూటతో తీరిపోయింది. ఇప్పుడు కారును చూస్తేనే ఒళ్లు మండుతోంది. అయినా రోజూ పొద్దున్నే దాని అద్దాలు తుడుస్తున్నాను, నాకూ ఒక్క మాట చెబుతుందేమోనని.