చెరిపిందెవరు

“ఇంద్రాణి రాసింది నువ్వే చెరిపినావు గదా రమణా?” లిల్లీ టీచర్ అందరి ముందే నిలదీసింది.

పిల్లలంతా కలిసి బడి కంప్యూటర్లో రాసే తరగతి వికీలో, ‘మధ్యాహ్న భోజనానికి ఎస్సీ కాలనీ పిల్లలను విడిగా కూర్చోబెడతారు’ అన్న వాక్యం మూడుసార్లు పోయింది. మూడుసార్లూ టీచరే మళ్ళీ టైపు చేసి పెట్టింది. నిజం చెప్పినందుకు పిల్ల నష్టపోకూడదని ఆమె లెక్క.

“నేను కాదు మేడమ్! చెరిపినోళ్ళ పేరు దాంట్లోనే ఉంటాదంట, సూడండి.”

చూసింది. మూడుసార్లూ ఇంద్రాణి పేరే ఉంది.

“యాలమ్మా?” టీచర్ దగ్గరికెళ్ళి మెల్లగా అడిగింది.

“మీరు అడిగితే రాసినాను. తర్వాత భయమేసింది.” ఇంద్రాణి తలెత్తలేదు. “మీరు నాలుగ్గంటల బస్సుకు పుంగనూరు పోతారు మేడమ్. మా యమ్మ రేప్పొద్దున రమణోళ్ళ టమాటా తోటకే కూలికి పోవాల.”