లేబుల్ మీద లేనిది

"చదువు," అన్నాడు సుధాకరరావు.

గాజు అద్దానికి అవతల సాత్విక్ తలెత్తలేదు. ఫోను చెవికి ఆనించుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. దోహా జైల్లో ములాఖత్ గది అది. ఏసీ చలికి గార్డు చేతులు రుద్దుకుంటున్నాడు కానీ సుధాకరరావుకి మాత్రం ఒళ్ళు మండిపోతోంది. మధ్యలో ఆ అద్దం లేకపోతే ఈపాటికి బావమరిది చెంప పగిలేది.

"నిన్నేరా. చదవమంటున్నాను."

వకీలు ఇచ్చిన జిరాక్సు కాయితాన్ని అద్దానికి అదిమి పట్టుకున్నాడు. దాని మీద ఒక డబ్బా ఫోటో. డబ్బాకి రంగుల లేబుల్. ఆకు బొమ్మ, పక్కన నిమ్మకాయ బొమ్మ. లోపలున్నది ఎండబెట్టిన గంజాయి పువ్వు.

"టీహెచ్‌సీ ఇరవై నాలుగు శాతం," సణిగాడు సాత్విక్.

"అంటే?"

"మీకు తెలుసు కదా బావగారూ."

"నీ నోటితో చెప్పు."

"మత్తెక్కించేది అదే. శాతం పెరిగితే మత్తు పెరుగుతుంది."

"కింద?"

"సీబీడీ. ఒక శాతం లోపే. దానికి మత్తుండదు."

"ఆ కింద?"

"లిమోనీన్. నిమ్మ వాసన వస్తుంది, అంతే. తర్వాత బరువు, ప్యాక్ చేసిన తేదీ. బ్యాచ్ నంబరు. ల్యాబ్‌లో పరీక్ష చేశారని..." చదువుతున్నకొద్దీ సాత్విక్‌కి ధైర్యం వచ్చింది. "అన్నీ పక్కాగా ఉన్నాయి బావగారూ. లైసెన్సు ఉన్న షాపు. బ్యాంకాక్‌లో ఇది లీగల్. దొంగచాటుగా కొన్నది కాదు."

"లైసెన్సు ఎవరిది? ఆ షాపువాడిది. వాడు అక్కడ గల్లాపెట్టె ముందు హాయిగా కూర్చున్నాడు. మనం ఇక్కడ కూర్చున్నాం. అడుగున చిన్నక్షరాల్లో ఏముంది?"

సాత్విక్ కాయితం మీంచి చూపు తప్పించాడు.

"దేశం దాటించరాదు అని ఉంది. ఇంగ్లీషులోనే ఉంది. బీటెక్ వెలగబెట్టావుగా, ఆ ఒక్క ముక్క అర్థం కాలేదా?"

ఇలాంటివాణ్ణి నెత్తిన పెట్టుకున్నందుకు తన చెప్పుతో తనే కొట్టుకోవాలి అనుకున్నాడు సుధాకరరావు. దోహాలో సాత్విక్‌కి ఉద్యోగం వేయించింది తను. మెసైమీర్ ప్రాంతంలో ఉన్న తన ఫ్లాట్‌లో గది ఇచ్చింది తను. భార్య భానుమతి ముచ్చటపడిందని సెలవులకి బ్యాంకాక్ కూడా వెంట తీసుకెళ్ళాడు.

తిరుగు ప్రయాణంలో అక్కడి ఎయిర్‌పోర్టులో మనవాళ్ళు ఆడే భాగోతమే జరిగింది. బరువు ఎక్కువైందని కౌంటర్లో అమ్మాయి అనగానే భానుమతి ముగ్గురి పెట్టెలూ నేలమీద పరిచింది. ఒకరి చెప్పులు ఇంకొకరి పెట్టెలో, ఒకరి తువ్వాళ్ళు ఇంకొకరి పెట్టెలో కుక్కి కాటా సరిచేసింది. వెనక క్యూలో ఉన్నవాళ్ళు తిట్టుకుంటున్నా లెక్కచేయలేదు.

"మీ అక్క దాన్ని లెమన్ టీ అనుకుంది," అన్నాడు సుధాకరరావు. "చేత్తో పట్టుకుని, ఇదెక్కడ పెట్టనురా అని నిన్నే అడిగింది. నువ్వేమన్నావు? ఎక్కడో ఒకచోట పెట్టక్కా అన్నావు."

"ఆవిడ ముందు చెప్పడానికి సిగ్గేసింది."

"ఇక్కడ కస్టమ్స్ వాళ్ళు డబ్బా పైకి తీసినప్పుడు?"

"భయమేసింది."

"పోలీసులు అడిగినప్పుడు అదేమిటో నాకు తెలియదన్నావు. ఎల్లుండి కోర్టు. అప్పుడు కూడా భయమేస్తుందా?"

సాత్విక్ మళ్ళీ గోళ్ళలోకి వెళ్ళిపోయాడు. వాడి మెత్తదనం చూస్తే అసహ్యం వేసింది సుధాకరరావుకి. అయినా గొంతు తగ్గించాడు. అవసరం అలాంటిది.

"జడ్జి అడిగితే ఒక్క మాట చెప్పు. డబ్బా నాదే, నేనే కొన్నాను అను. మిగతాది వకీలు చూసుకుంటాడు. అబద్ధం మీద నిలబడితే ఇంకా ముదురుతుందని ఆయన మొత్తుకుంటున్నాడు."

"ఒప్పుకుంటే నా జీవితం అయిపోతుంది."

"ఒప్పుకోకపోతే బాగుపడుతుందా?"

"నాకింకా పెళ్ళి కూడా కాలేదు బావగారూ."

"సిగ్గు లేదురా నీకు! మీ అక్క ఏడుపు వినలేకపోతున్నాను. పదిహేనేళ్ళ సర్వీసు నాది. మా కంపెనీలో ఇప్పుడు నా పేరెత్తితే నవ్వుకుంటున్నారట. అంతా నీ డబ్బా వల్ల."

గార్డు దగ్గరికొచ్చి గడియారం చూపించాడు. "యల్లా, ఖలాస్," అన్నాడు, టైమైపోయింది లేవమన్నట్టు.

సుధాకరరావు అద్దానికి ముఖం ఆనించాడు. ఇంతసేపూ ఉన్న కోపం ఏమైపోయిందో తెలియలేదు. "తోడబుట్టినవాడిలా చూసుకున్నాను కదరా. ఒక్క నిజం చెప్పు చాలు. నీకు దణ్ణం పెడతాను."

సాత్విక్ తలెత్తాడు. అద్దానికి అంటుకుని ఉన్న కాయితం కేసి పరీక్షగా చూశాడు. పైనుంచి కిందదాకా, ఎవరూ చదవమనకుండానే, ఒక్క అక్షరం వదలకుండా చదివాడు.

"ఇందులో కొన్నవాడి పేరు ఎక్కడా లేదు బావగారూ," అన్నాడు.

ఫోను తగిలించేశాడు.

సాత్విక్ లేచి బయట ఎండలో ఆపిన బావగారి కారు వైపు నడిచాడు, గార్డు వచ్చి, తన పెట్టెలో ఆ డబ్బా దొరికిన సుధాకరరావు చేతులకి బేడీలు వేసి సెల్లుకి తీసుకెళ్ళాడు.