కొత్త రకం బకిల్

"హెల్మెట్ బిగుతుగా ఉండాలి. ఎత్తు చూపించే గడియారం మణికట్టుకే ఉండాలి," అంటూ మా ఆయన షాపులో మా అమ్మాయికి ఒక్కొక్కటీ ఏరి పెడుతున్నారు. పారాచ్యూట్‌తో అది మొదటిసారి దూకబోయేది రేపే.

ఒకప్పుడు ఆయనకూ అదే పిచ్చి. అమ్మాయి పుట్టగానే దాని మీద ఒట్టేసి మానేశారు.

ఇప్పుడు వంగి, దాని కాలికున్న పారాచ్యూట్ బెల్టు బకిల్‌ని చూడకుండానే టక్కున బిగించారు.

"భలే సార్! ఈ రకం వచ్చి నెలైనా కాలేదు. నేర్చుకోడానికి మాకే తలప్రాణం తోకకొచ్చింది!" అన్నాడు షాపతను.

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అయితే ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశారన్నమాట!" అన్నాను.

ఆయన నేలచూపులు చూశారు.

"చూశావా మీ నాన్న నిర్వాకం?" అని అమ్మాయి వైపు తిరిగాను.

దాని రెండో కాలి బకిల్ అప్పటికే బిగించి ఉంది. ఆయన గానీ షాపతను గానీ దాన్ని ముట్టుకోనే లేదు.