లావెండర్ పక్కన పుదీనా

"మళ్ళీ పోశావా నీళ్ళు!"

కింది బాల్కనీలోంచి పెద్దాయన కేక.

టైలరమ్మ చేతిలో మగ్గు ఆగింది. ఆగి, ఇంకో మగ్గు పోసింది. కావాలనే పోసింది.

కుండీలో నిలవని నీళ్ళు గొట్టంలోంచి బొట్లు బొట్లుగా ఆయన బాల్కనీలో పడతాయి. అందుకే ఆయనకి ఆవిడ పెట్టిన పేరు బొట్ల బాబాయి.

"పోనీ, ఆయనేమంటున్నాడో ఒకసారి వినరాదూ?" అన్నాడు మొగుడు, పేపర్లోంచి తలెత్తకుండానే.

"నా మాట తప్ప అందరి మాటా మీకు వేదవాక్కే!"

ఆవిడ బెంగ ఆవిడది. ఆ కుండీలో ఉన్నది వాళ్ళమ్మ పెంచిన లావెండర్. అమ్మ పోయాక తెచ్చుకున్న మూడు మొక్కల్లో రెండు చచ్చిపోయాయి. మిగిలింది ఇదొక్కటే. ఒంటరిగా ఉంటే దిగులుపడుతుందేమోనని పక్కనే పుదీనా నాటింది. రెండూ ఘుమఘుమలాడేవే కదా, స్నేహం కుదరకపోతుందా అనుకుంది.

మర్నాడు మెట్ల మీద బొట్ల బాబాయి ఎదురుపడ్డాడు.

"అమ్మాయీ, ఆ పుదీనా నా నెత్తి దాకా వేలాడుతోంది, చూశావా? తీసెయ్యి. దానికి పూటపూటా నీళ్ళు కావాలి. లావెండర్‌కి నీళ్ళంటేనే గిట్టదు. ఆ రెంటికీ ఒకే కుండీలో కాపురం పెడితే ఎలా?"

"మీ బాల్కనీ తడుస్తోందని సూటిగా చెప్పండి బాబాయిగారూ. మొక్కల మీద పెట్టడమెందుకు?"

"తడిస్తే తడవనీ. మట్టిలో ఇసక కలిపి, పక్కన రోజ్‌మేరీ పెట్టు. లేదంటే థైమ్. అవీ దానిలాగే ఎండ తాగి బతికేవి."

"అయితే పుదీనా వాసన కూడా పడదన్నమాట మీకు!"

"నా ముక్కుకి దేంతోనూ పేచీ లేదమ్మా," నవ్వాడాయన.

ఆ నవ్వుకి ఆవిడకి ఒళ్ళు మండింది.

"అది మా అమ్మ మొక్క. ఆ పూలే బట్టల మడతల్లో పెట్టేది. ఆ వాసనొస్తే మా అమ్మ పక్కనున్నట్టే నాకు. నీళ్ళు మాని, ఎండబెట్టి చంపుకోమంటారా?"

ఆయన తలూపి మెట్లు దిగిపోయాడు.

ఆ వారమే ఆవిడ, అడ్డదిడ్డంగా పెరిగిన లావెండర్ కొమ్మల్ని కుట్టుపని కత్తెరతో కత్తిరించింది. నాలుగు రెమ్మలు కిందికి జారిపడ్డాయి.

"అయిపోయాం! ఇక దీనికో కేక," అనుకుంది.

దానికి కేక రాలేదు. నీళ్ళ కేకలు మాత్రం ఇంకో రెండు నెలలు యథావిధిగా వినిపించాయి.

వానలు పట్టుకున్న రోజుల్లో ఓ పొద్దున, నీళ్ళు పోస్తే కింద చప్పుడు లేదు. మర్నాడూ లేదు.

"నోరు మూయించానా లేదా!" అంది మొగుడితో గొప్పగా.

నెల తిరక్కుండా లావెండర్ కాడ నల్లబడింది. పట్టుకుని లాగితే కుళ్ళిన వేరు చేతిలోకి వచ్చేసింది. పక్కన పుదీనా మాత్రం నిక్షేపంలా ఉంది.

ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆనక మొహం కడుక్కుని కిందికి దిగింది. ఇంకేదైనా దారుంటే ఆయనకే తెలియాలి. తిడితే తిట్టనీ.

తలుపు తీసింది ఆయన కూతురు. గదినిండా అట్టపెట్టెలు.

"నాన్న పోయి ఇరవై రోజులైందండీ, ఆస్పత్రిలోనే. అన్నీ మా ఇంటి నుంచే జరిగిపోయాయి... మీరు పై అమ్మాయి కదూ? రండి, మీదొకటి ఉంది."

బాల్కనీలో, గొట్టం కింద వరసగా ఐదు పుదీనా కుండీలు. పైనుంచి పడే బొట్లన్నీ వాటిలోకే.

ఆ నీళ్ళతో ఆయనకి ఏ ఇబ్బందీ లేదని టైలరమ్మకి అప్పుడు అర్థమైంది.

ఎండ తగిలే మూల ఇంకో కుండీ. ఇసక మట్టి. ఈ పక్క రోజ్‌మేరీ, ఆ పక్క థైమ్. మధ్యలో నాలుగు లావెండర్ రెమ్మలు, వేళ్ళూని చిగుళ్ళేసి ఉన్నాయి. ఒకదానికి చిన్న ఊదారంగు కంకి.

కుండీకి అంటించిన చీటీ మీద పెద్దాయన రాత.

"పై అమ్మాయి వాళ్ళమ్మ. వారానికోసారే నీళ్ళు. పిల్లకి కోపం తగ్గాక ఇవ్వాలి."

టైలరమ్మ కింద కూలబడి, కుండీని ఒళ్ళోకి తీసుకుని మొహం ఆనించింది. అమ్మ వాసన.

"బాబాయిగారికీ ఈ వాసనంటే ఇష్టమా?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

కూతురు తల అడ్డంగా ఊపింది.

"రంగుల ఫ్యాక్టరీలో పనిచేసి నాన్నకి పాతికేళ్ళుగా ఏ వాసనా తెలీదండీ. నేనెప్పుడొచ్చినా ఈ కుండీ నా ముందు పెట్టి, 'వాళ్ళమ్మ వాసన వస్తోందా, కాస్త చూసి చెప్పమ్మా' అనేవారు."