ముత్యాలుకు విశ్రాంతి

మండల విద్యాధికారి సుహాసిని కారు దిగేసరికి, యూనిఫాం వేసుకున్న పిల్ల ఒకతి బడి గేటు బయట కూర్చుని ఉంది.

"ఏమ్మా, లోపలికి వెళ్ళలేదేం?"

"ఇవాళ నాకు విశ్రాంతి మేడం," అంది ముత్యాలు గర్వంగా. "పరీక్ష రోజు నేను రాకపోతే మన మండలానికి ఫస్టొస్తుందంట. మాస్టారు నాకు చప్పట్లు కొట్టించారు."

ఏ పిల్ల వస్తే మార్కులు తగ్గుతాయో తరగతి గోడ మీది కంప్యూటర్ తెర ముందే లెక్కగట్టి చెప్పే కాలమది. వాళ్ళకు విశ్రాంతి ఇవ్వనా అని అది ఫోన్లో అడగడం, ఆఫీసులో కాఫీ తాగుతూ సుహాసిని పేర్లైనా చూడకుండా సరేననడం మామూలే.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. పిల్ల చెయ్యి పట్టుకుని తరగతిలోకి తీసుకెళ్ళింది.

"ఈ విద్యార్థిని పరీక్ష రాస్తే మండలం మూడో స్థానానికి పడిపోతుంది. రానివ్వమంటారా?" అని తెర గట్టిగా అడిగింది. తరగతంతా తిరిగి చూసింది.

"రానివ్వు," అంది సుహాసిని.

ముత్యాలు చెయ్యి విడిపించుకుంది. "వద్దు మేడం! నా వల్ల అందరికీ చెడ్డపేరొస్తుంది," అని ఏడుస్తూ గేటు బయటికి పరుగెత్తింది.

సుహాసిని వెనకాలే వెళ్ళి, ఆ పిల్ల పక్కన మట్టిలోనే కూలబడింది.

"తప్పు నాదే తల్లీ," అంది.

ముత్యాలు నమ్మలేదు. పరీక్ష గంట మోగినా కదల్లేదు. ఆ పిల్ల మొహంలోకి చూసే ధైర్యం సుహాసినికి చాల్లేదు.