పడ్డాక పెట్టే సలాం

శివడీ సమాధుల తోటలో వాన. భార్య ఫెలీషియా శవపేటిక మీద పిడికెడు మట్టి వేయబోయి, హిందీ సినిమాల హాస్యగాడు సిల్వెస్టర్ బురదలో జారి వెల్లకిలా పడ్డాడు.

అతణ్ణి చూడ్డానికి గోడలెక్కిన జనం ఈలలు వేశారు. "వాహ్ భాయ్! అచ్చం సినిమాలోలాగే! ఇంకోసారి పడవయ్యా!"

సమాధి ప్రార్థన చదువుతున్న నేను బైబిలు మూసేశాను. ఏడ్చేవారితో ఏడవమంది లేఖనం. ఈ పందుల మంద పెళ్లాం పోయినవాడి చేత పిల్లిమొగ్గలు వేయించుకుంటోంది!

అంతకన్నా రోత ఏమంటే, వాడు లేచి, తెరమీద పడ్డ ప్రతిసారీ చేసినట్టే, నుదుటికి చెయ్యి ఆనించి సలాం పెట్టాడు. గోడల మీద చప్పట్లు మోగాయి.

"సిగ్గు లేదూ నీకు? సమాధి దగ్గర కూడా చప్పట్లు కావాలా?" అని ఆ చెయ్యి పట్టి లాగాను.

"వాళ్లకు కాదు బ్రదర్," అన్నాడు. "నా మొదటి సినిమాలో మెట్ల మీంచి పడితే హాలంతా నవ్వింది. ఫెలీషియా ఒక్కతే ఏడ్చింది. అప్పట్నుంచీ పడ్డప్పుడల్లా దానికే సలాం పెడుతున్నాను, దెబ్బ తగల్లేదని చెప్పడానికి."

నేను పట్టుకున్న చెయ్యి మోచేతి దాకా చీరుకుపోయి నెత్తురోడుతోంది.