రెండో ముక్క పరీక్ష

“ఫైలు మూసెయ్. ఇంటికి పంపించెయ్,” అన్నారు డాక్టర్ పోలరాజు.

కీర్తన మూయలేదు.

గవర్నర్‌పేటలోని ఆ ఆస్పత్రిలో కాలేయ విభాగానికి ఆయనే పెద్ద. కీర్తన ఆయన దగ్గర మూడేళ్లుగా పరిశోధన చేస్తున్న డాక్టరు. పిత్తనాళం ఇరుకైతే అది క్యాన్సరా, ఉత్త వాపా అన్నది తేల్చడమే వాళ్ల పని. ఆ అంతస్తులో ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు.

“అరవై రెండేళ్లు. నెల రోజులుగా కామెర్లు. పది కిలోలు తగ్గాడు. స్కానులో నాళం మూసుకుపోయి కనిపిస్తోంది. ఇంకేం కావాలి నీకు?”

“రెండో ముక్క పరీక్ష సార్, బయాప్సీ.”

“ఒకసారి తీశారుగా!”

“అందులో ఏదీ తేలలేదు. తేలకపోతే మళ్లీ తీయాలని రూలు రాసింది మీరే.”

“ముప్పై ఏళ్లుగా చూస్తున్నానమ్మా ఇలాంటివి. మూడు నెలలు, అంతే. ఈలోగా గొంతులోకి గొట్టాలు దించి ఆ మనిషిని హింసపెట్టడం దేనికి? నాగాయలంక పోయి నాలుగు రోజులు ప్రశాంతంగా ఉండనీ.”

“మూడు నెలలని స్కాను చెప్పలేదు సార్. మీరు చెబుతున్నారు.”

తలుపు దగ్గర నిలబడ్డ నర్సు సంపూర్ణమ్మ, బయటివాళ్లు వినకుండా దాన్ని దగ్గరగా వేసింది.

“రేపట్నుంచి నువ్వీ కేసు చూడక్కర్లేదు.”

“కాగితం మీద రాసివ్వండి. అప్పటిదాకా నేనే చూస్తాను.”

“రోగి ఒప్పుకోకుండా ఏం చేస్తావు? ఆ సంతకం నీకు దొరకదు.”

“దొరికేదాకా ఇక్కణ్ణుంచి కదలను.”

కదలలేదు. భోజనాల వేళ దాటింది. సంపూర్ణమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. “పెద్దాయనతో పంతం ఎందుకమ్మా? రా, రెండు ముద్దలు తిందువుగాని.”

“మీరు తినెయ్యండి. నాకింకా పనుంది.”

నాలుగింటికి పోలరాజు గారికి విసుగొచ్చింది. “ఇటు తగలెయ్ ఆ పరీక్ష కాగితం. నీ మొండితనం ఎప్పుడో నీ మెడకే చుట్టుకుంటుంది.”

“చుట్టుకోనివ్వండి,” అంటూ పెన్ను మూత తీసి ఇచ్చింది.

మర్నాడే ముక్క తీశారు. అయిదో రోజున రిపోర్టు వచ్చింది. లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చింది కీర్తన.

“క్యాన్సర్ కాదు సార్! ఒంట్లోని రక్షణ కణాలే నాళాన్ని వాచేలా చేశాయి. మాత్రలతో తగ్గే జబ్బు.”

ఆయన నమ్మలేనట్టు చూశారు. “సరిగ్గా చదివావా?”

“మూడుసార్లు.”

రిపోర్టు తీసుకుని అక్షరం అక్షరం చదివారు.

“ఇప్పుడు కూడా ఇంటికి పంపించెయ్యమంటారా?” అంది కీర్తన.

పోలరాజు గారు పచ్చబడిన కళ్లు తుడుచుకుని, రోగుల మంచం మీద మెల్లగా లేచి కూర్చుని, తన మొదటి మాత్ర కోసం చెయ్యి చాపారు.